ఇనుప తలుపు మీద ఎర్రచెయ్యి

"ఎవరిదే ఆ చెయ్యి?" అని మా నానమ్మ వీధిలో నిలబడి అరిచిన అరుపుకి మధ్యాహ్నం నిద్రలో ఉన్న ఊరంతా లేచి కూర్చుంది.

నేను పాఠం మధ్యలో ఆపి బళ్ళోంచి పరుగెత్తుకొచ్చాను. మా ఇంటి ఇనుప తలుపు నడిమధ్యన ఎర్రటి అరచేతి గుర్తు. ఐదు వేళ్ళూ విప్పి నిండుగా అద్దారు. ఇంకా తడి ఆరలేదు.

"నాదేనండీ," అంది వ్యాను పక్కన నిలబడ్డ అమ్మాయి.

తలకు కట్టుకున్న నీలం రుమాలు చెమటకి తడిసిపోయింది. ఒక చేతిలో కాగితాల అట్ట. రెండో చెయ్యి మణికట్టు దాకా ఎరుపు.

"నా పేరు వహీబా. సముద్రపొడ్డున ఉన్న ఓరాన్ నుంచి వచ్చిన ఇంజనీర్ని. రాకెట్ల కేంద్రం తాలూకు పాత ఇనుము ఎక్కడున్నా గుర్తు పెట్టమన్నారు. ఈ తలుపు అక్కడిదే కదండీ?"

"అయితే?" అన్నాను.

"గురువారం ట్రక్కు వస్తుంది. ఒక గుర్తున్నవి ఎత్తుకెళ్ళిపోతారు. రెండు గుర్తులుంటే వదిలేస్తారు. ఊరు వాడుకుంటోందని నీళ్ళ ట్యాంకుకి రెండు పెట్టాను. ఇదేమో కిటికీల్లేకుండా సగం ఇసుకలో ఉంటేనూ, ఎవరూ ఉండని గోడౌననుకుని..."

"గోడౌనా!" నానమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఈ గోడౌన్లో నేను కాపురం చేశానే పిల్లా! ఈ తలుపు మా ఆయన ఒంటెకి కట్టి ఈడ్చుకొచ్చాడు, నేను కొత్త పెళ్ళికూతురిగా వచ్చిన ఏడు. ఇది మూశానంటే ఇసుక తుఫాను కూడా తలుపు తట్టి అడగాల్సిందే!"

ఫ్రెంచివాళ్ళు రాకెట్లు ఎగరేయడం మానేసి వెళ్ళిపోయాక, వాళ్ళు వదిలేసిన ఇనుముతో మా ఊరు కాస్త ఊరైంది. మేకల దొడ్లూ, బావుల మూతలూ అన్నీ అక్కడివే. అమ్మానాన్నలు పోయాక నానమ్మ నన్ను పెంచింది ఈ తలుపు వెనకే. నేను బెషార్ పట్నం వెళ్ళి డిగ్రీ చదువుకుని ఈ ఊరి బడికే సైన్సు మాస్టారుగా తిరిగొచ్చినప్పుడు, ఆవిడ ఈ తలుపు దగ్గరే నిలబడి ఎదురుచూసింది.

"గుర్తు చేత్తో ఎందుకు వేశారండీ?" అనడిగాను.

"రంగు అయిపోయింది. ఎర్రమన్ను నీళ్ళలో కలిపాను. బ్రష్షు ఇసుక పట్టి కర్రలా అయింది. అందుకని..." ఎర్రచెయ్యి పైకెత్తి చూపించింది.

అప్పటికే చుట్టూ చేరిన ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ శుభకార్యంలోలా యూ-యూమని కేకలు మొదలుపెట్టారు. పక్కింటావిడ నీలం కాగితంలో చుట్టిన పంచదార దిమ్మ తెచ్చి మా గుమ్మంలో పెట్టేసింది.

వహీబా నావైపు తిరిగింది. "ఇదేంటండీ?"

నేను నానమ్మ వైపు చూశాను. నానమ్మే చెప్పింది.

"మా ఊళ్ళో పిల్లని అడగాలంటే, పిల్లాడి తరఫువాళ్ళు వచ్చి ఆ ఇంటి తలుపు మీద గోరింటాకు చెయ్యి అద్దుతారు. ఇష్టమైతే పిల్ల ఇంటివాళ్ళు పక్కన తమ చెయ్యి వేస్తారు. ఇష్టం లేకపోతే కడిగేస్తారు. ఇన్నేళ్ళలో పిల్లే వచ్చి పిల్లాణ్ణి అడగడం ఇదే చూడటం. ధైర్యవంతురాలివే!"

వహీబా మొహం ఆ చేతికన్నా ఎర్రబడింది.

"అయ్యో! ఇప్పుడే రెండో గుర్తు నేనే వేసేస్తాను. తలుపు మీకుంటుంది."

"నువ్వే అడిగి నువ్వే ఒప్పుకుంటావా? ఇక మావాడెందుకు, ఆ పక్కన దిష్టిబొమ్మలా?"

అందరూ పకపకా నవ్వారు.

"పోనీ కడిగేస్తాను!"

"కడగాల్సింది మేము. అతిథిగా వచ్చిన ఆడపిల్లని గుమ్మంలోనే కాదన్నామని ఊరంతా చెప్పుకుంటారు. నా కంఠంలో ప్రాణముండగా కడగనివ్వను."

"మరి మీరే ట్రక్కువాళ్ళకి చెప్పొచ్చుగా?" అని నేను వహీబాని అడిగాను.

"వాళ్ళు వేరే కంపెనీ. గుర్తు చూస్తారు, ఎత్తుతారు. నోటిమాట వినరు."

కడిగితే పరువు పోతుంది. ఉంచితే తలుపు పోతుంది. పక్కన చెయ్యి వేస్తే నా పెళ్ళయిపోతుంది. సైన్సులో ఇలాంటి లెక్క నాకెవరూ నేర్పలేదు.

వహీబా బస మా వీధి చివర బెల్ఖీర్ తాత ఇంట్లో. భోజనం మాత్రం మా ఇంట్లోనే అని నానమ్మ హుకుం జారీ చేసింది. వేడి ఇసుకలో కాల్చిన రొట్టె తింటూ వహీబా ఠక్కున ఆగిపోయింది.

"ఇసుక తగిలిందా?" అన్నాను.

"కొంచెం."

"కొంచెమే తగిలిందంటే నానమ్మకి మీరు నచ్చినట్టే. నాకు రోజూ పిడికెడు పెడుతుంది."

ఆమె నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ రుమాలు మీద నాకు అసూయ కలిగింది.

ఇనుము ఎక్కడెక్కడుందో చూపించే పని నామీద పడింది. పెద్దవాళ్ళెవరైనా తోడుండాలని బెల్ఖీర్ తాత వ్యానెక్కేవాడు. ఎక్కగానే నిద్రపోయేవాడు. మేం మాత్రం మాట్లాడుకుంటూనే ఉండేవాళ్ళం. ఆమె సముద్రం గురించి చెప్పేది. "మీరు సముద్రం చూడలేదా? నిజంగా? మరి పిల్లలకి ఆటుపోట్ల పాఠం ఎలా చెబుతారు మాస్టారూ?" అని ఏడిపించేది. "మీరు రాకెట్టు ఎగరడం చూడకుండా దాని ఇనుము ఏరడం లేదూ?" అనేవాణ్ణి.

బుధవారం సాయంత్రం రాకెట్లు లేచిన పాత కాంక్రీటు గచ్చు దగ్గరికి వెళ్ళాం.

"పెళ్ళిళ్ళు ఇక్కడేనటగా?" అందామె.

"ఊళ్ళో ఇసుక లేని నేల ఇదొక్కటే."

బెల్ఖీర్ తాత ఆ మాటకి కళ్ళు తెరిచాడు. కుర్రతనంలో ఆయన ఇక్కడ కూలిపని చేశాడు. "పెళ్ళికూతురు ఒంటె దిగేముందు నేను వెనక నుంచి లెక్కపెడతానమ్మా. దొరలు మైకులో అలాగే చదివేవాళ్ళు. సున్నా అనగానే మావాళ్ళు తుపాకులు పేలుస్తారు. దొరల రాకెట్టు ఒక్కోసారి లేచేది కాదు. నా లెక్కకి లేవని పెళ్ళి మాత్రం లేదు!" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

మేమిద్దరం గచ్చు అంచు మీద కూర్చున్నాం. ఆమె వేలితో ఇసుకలో గీతలు గీస్తోంది.

"రేపే ట్రక్కు. కడిగెయ్యండి మాస్టారూ. నేనేం బాధపడను. ఓరాన్‌లో ఎవరికి తెలుస్తుంది?"

"ఇక్కడ తెలుస్తుంది. నేను కడగను."

"అయితే మీ చెయ్యి వేసెయ్యండి. మామ్మగారి తలుపు దక్కుతుంది."

"తలుపు కోసమా?"

ఆమె గీసిన గీతని అరచేత్తో చెరిపేసింది. "తలుపు కోసమే."

"తలుపు కోసమైతే వెయ్యను ఇంజనీరుగారూ. ఆ చెయ్యి ఒక్కసారే వేస్తారు మా ఊళ్ళో."

"ఇంకే కారణమూ లేదా మీకు?"

"మీకుందా?"

ఆమె లేచి వ్యానెక్కింది. తాత అప్పటికే గురకపెడుతున్నాడు. తిరిగొచ్చేదాకా ఆమె రోడ్డునే చూస్తూ వ్యాను నడిపింది. చూడ్డానికి ఆ రోడ్డు మీద ఏముందో నాకైతే తెలీదు.

గురువారం పొద్దున ఆకాశం నల్లబడింది. నేను బళ్ళో ఉన్నాను. రేకు మీద టపటపమంది. పిల్లలు పుస్తకాలు వదిలేసి, "వాన! మాస్టారూ, వాన!" అంటూ బయటికి ఉరికారు. వాళ్ళలో చిన్నవాళ్ళకి అదే మొదటి వాన. నోళ్ళు తెరిచి ఆకాశం వైపు పెట్టారు.

ఎర్రమన్ను నీళ్ళకి కరుగుతుందని నాకప్పుడు తట్టింది. వాన కడిగేస్తే ఎవరూ ఎవర్నీ కాదన్నట్టు కాదు. తలుపు ఉంటుంది, పరువు ఉంటుంది. వహీబా సాయంత్రానికి వెళ్ళిపోతుంది. అన్నీ సరిపోయాయి. అయినా నా కాళ్ళు ఇంటివైపు పరుగెత్తాయి, ఎందుకో నన్నడక్కండి.

మా తలుపు ముందు వహీబా నిలబడి ఉంది. కాగితాల అట్టని రెండు చేతులతో ఎర్రచెయ్యి మీద గొడుగులా పట్టుకుంది. నీలం రుమాలు జారి మెడలో పడింది. జుట్టులోంచి నీళ్ళు ధారలు కడుతున్నాయి.

"ఏం చేస్తున్నారు?" అని అరిచాను.

"కనిపించట్లేదా? ఆఫీసు గుర్తు కాపాడుతున్నాను!"

"వాన కడిగేస్తే అందరి గొడవా తీరిపోతుందిగా!"

"అందుకే కాపాడుతున్నాను, మొద్దు మాస్టారూ!"

నాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అయ్యాక మాత్రం వాన మొత్తం నాకోసమే కురుస్తున్నట్టు అనిపించింది.

"వహీబా, నా పేరు లఖ్దర్," అన్నాను, అదేదో కొత్త సంగతైనట్టు.

"తెలుసు. చేతులు నొప్పెడుతున్నాయి లఖ్దర్. తొందరగా ఏదో ఒకటి చెయ్యి!"

తలుపు సందులోంచి గిన్నె పట్టుకున్న నానమ్మ చెయ్యి బయటికొచ్చింది. "గోరింటాకు! రోజూ కలుపుతున్నా, రోజూ ఎండిపోతోంది. ఇవాళైనా పనికొస్తుందా లేదా?"

"మామ్మగారూ, మా అమ్మని అడగాలి..."

"నిన్ననే ఫోన్లో అడిగేశానే. పిల్లాడు సముద్రం చూడలేదంటే, 'పంపండి, చూపిస్తాం' అంది మీ అమ్మ."

బెల్ఖీర్ తాత వానలోనే నిలబడి గొంతు సవరించుకున్నాడు. "ఐదు!" అన్నాడు ఫ్రెంచిలో. పిల్లలంతా అందుకున్నారు. నాలుగు. మూడు. నేను చెయ్యి గిన్నెలో ముంచాను. రెండు. ఒకటి.

సున్నాకి, అట్ట నీడలో, ఆమె చేతి పక్కన నా చెయ్యి పడింది. యూ-యూ కేకలకి మేకలన్నీ దొడ్లోంచి పారిపోయాయి.

నీళ్ళు చిమ్ముకుంటూ ట్రక్కు వచ్చి ఆగింది. కూలీల మేస్త్రీ దిగి తలుపు చూశాడు.

"రెండు గుర్తులు. వదిలెయ్యండ్రా," అని కేకేసి వహీబా వైపు తిరిగాడు. "మీ పనైపోయింది కదా ఇంజనీరుగారూ, ఈ రోడ్డులో మీ వ్యాను కదలదు. మాతో వచ్చేస్తారా?"

వహీబా తన చేతులు రెండూ చాపి చూపించింది. ఒక అరచేతిలో తలుపు మీంచి కారిన ఎర్రమన్ను. రెండోది నేను పట్టుకున్న చెయ్యి, దానినిండా నా చేతి గోరింటాకు.

"నాక్కూడా రెండు పడ్డాయి," అంది. "వదిలేసి వెళ్ళండి."