షటిల్లో చిక్కిన వెంట్రుకలు

నాన్న చొక్కాకు ఆమె నాలుగో గుండీ పెడుతుండగా వీధిలో స్కూటరు ఆగింది.

"వచ్చాడమ్మా నీ మీసాలాయన," అన్నాడు నాన్న.

"నా మీసాలాయనేంటి నాన్నా? మిషన్ తెచ్చేది నీ దగ్గరికే కదా!" చివరి గుండీ గబగబా పెట్టేసి ఆమె తెర వెనక్కి తప్పుకుంది.

ముందుగది కుట్టుమిషన్లు బాగుచేసే షాపు. బోర్డు మీద పేరు నాన్నది. రెండేళ్ల కిందట ఆయన చేతులకు వణుకు వచ్చింది. అప్పట్నుంచి తెర వెనకాల మిషన్లు విప్పేదీ, బిగించేదీ కూతురే. ఆడపిల్ల చేతిపని అని తెలిస్తే గిరాకీ అంతా పక్కవీధి షాపుకు పోతుందని ఇద్దరికీ భయం. అందుకే షాపు తెరిచున్నంతసేపూ ఆయన కుర్చీ వదిలి గడప దాటడు.

మీసాలాయన పదిహేను రోజుల్లో రావడం ఇది మూడోసారి.

"మళ్లీ ఏమైందయ్యా?"

"కుట్టు తప్పుతోందండీ."

"మొన్ననేగా చేసిచ్చాం!"

"మీ పని బ్రహ్మాండంగా ఉందండీ. ఈ మిషన్‌కే బుద్ధి లేదు."

తెర సందులోంచి ఆమె చూసింది. గుమ్మానికి సరిపోయే భుజాలు, గుబురు మీసం. అంత మనిషీ ఆ మిషన్‌ను నిద్రపోతున్న పసిపిల్లను దించినట్టు దించాడు. ఆ నెమ్మదే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. ఏదో దాచేవాళ్లే అంత నెమ్మదిగా ఉంటారు.

ఆయన నాన్నతో కబుర్లలో పడ్డాక, మిషన్ లోపలికి తీసుకొచ్చి, కింది దారం కండె తిరిగే షటిల్ విప్పింది. అనుకున్నంతా అయింది. ఈసారీ వెంట్రుక!

మొదటిసారి నడుం దాకా వచ్చేంత నల్లది. రెండోసారి రింగులు తిరిగినది. ఇవాళ నెరిసినది. ఇంట్లో తనొక్కడే ఉంటానని మొదటిరోజే నాన్నతో చెప్పాడు. అది అబద్ధమే అయినా, ఒక్కతే అయితే పెళ్లాం అనుకోవచ్చు. ఇద్దరైతే చెల్లెలు కూడా ఉందనుకోవచ్చు. మరి ఈ మూడో ఆవిడెవరు?

అది చాలదన్నట్టు, షటిల్ బిగించే స్క్రూ వదులుగా ఉంది. అదీ దానంతటది వదులవలేదు. దాని నెత్తిన కొత్త గీతలు. తను ఏనాడూ అంత మొరటుగా తిప్పదు. అంటే కావాలనే విప్పుతున్నాడు. ఎందుకు? తెర వెనకాల ఎవరున్నారో చూడ్డానికి పక్కవీధి షాపువాళ్లు పంపారా?

షాపు గుట్టు పోతుందనే భయం ఒకటి. ఆ భయం కన్నా ఆ మూడు వెంట్రుకలే ఎక్కువ గుచ్చుకుంటున్నాయి. అదెందుకో ఆమెకు అర్థం కాలేదు.

దాచిన రెండింటితో పాటు ఇవాళ్టిదీ కాగితంలో పెట్టుకుని తెర తీసి బయటికొచ్చింది.

"ఏవండీ, మీ మిషన్ మీద కుట్టేదెవరు?"

ఆయన గభాలున లేచి నిలబడ్డాడు. "నేనేనండీ."

"మీకు జడ ఉన్నట్టు లేదే!" కాగితం విప్పి బల్ల మీద పెట్టింది. "నల్లమ్మ, రింగులమ్మ, ఇవాళ నెరిసినామె. అమ్మమ్మల్ని కూడా వదలరా?"

"అమ్మలూ..." నాన్న దగ్గాడు.

ఆయన ముఖమంతా చెమట. "చెబితే నవ్వుతారండీ."

"చెప్పకపోతే అరుస్తాను."

ఆయన స్కూటరు దగ్గరికెళ్లి ఒక సంచి తెచ్చాడు. అందులోంచి బారెడు సవరం తీశాడు. తర్వాత రింగుల విగ్గు. చివరగా సగం కుట్టిన నెరిసిన విగ్గు.

"ఇదండీ నా పని. వెంట్రుకలు వరసగా పేర్చి కుట్టాలి. మా అమ్మ నేర్పింది. అంత మీసం పెట్టుకుని ఆడవాళ్ల జుట్టుతో ఆటలేంట్రా అని ఫ్రెండ్సే ఏడిపిస్తారు. అందుకే ఎవరికీ చెప్పను."

"నెరిసింది ఎవరు కొంటారు?"

"ఒక టీచరుగారండీ. జబ్బు చేసి జుట్టంతా పోయింది. నల్లది కడతానంటే, నా వయసు నాకివ్వు చాలన్నారు."

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. కుట్టు చీమల బారులా ఉంది. తన చేతికి ఏ జన్మకీ రాదు అలాంటి కుట్టు. అయినా అనుమానం పూర్తిగా పోలేదు.

"మరి స్క్రూ? చెంచాతో తిప్పారా, చాకుతోనా?"

"చాకుతో." తల వంచుకున్నాడు.

"పక్కవీధి వాళ్లు పంపారు కదూ? ఇక్కడ మిషన్లు చేసేదెవరో చూసి రమ్మని!"

అనేశాక నాలుక కరుచుకుంది. రెండేళ్ల గుట్టు తన నోటితోనే బయటపెట్టింది. నాన్న రెండు చేతులూ ఒళ్లో దాచుకున్నాడు.

"ఎవరూ పంపక్కర్లేదండీ," అన్నాడాయన మెల్లగా. "మొదటిరోజే తెలిసింది. మెకానిక్కుగారి చేతిలో టీ గ్లాసు నిలవలేదు. మిషన్ లోపలికి తీసుకెళ్లడానికొచ్చిన మీ చెవి దగ్గరేమో గ్రీజు."

ఆమె చెయ్యి చెవి మీదికి పోయింది. అక్కడ ఇంకాస్త గ్రీజు అంటింది.

"ఎవరికైనా చెప్పారా?"

"చెప్పేవాణ్ణయితే సొంత మిషన్‌ను రెండుసార్లు పాడుచేసుకుంటానా? మిమ్మల్ని చూడ్డానికి ఇంకో దారి తెలియలేదండీ. ఊరి నుంచి మా అమ్మను తీసుకొస్తానంటే మీరేమంటారోనని..."

"ఇప్పుడిలాగే అంటారు. రేపు పెళ్లయ్యాక స్క్రూడ్రైవర్ అవతల పెట్టి వంట చూడమంటారు."

"మీరది అవతల పెడితే నా మిషన్ గతేంటండీ? వంటంటారా, నేను చేస్తాను. కొంచెం ఉప్పెక్కువ. నా చేతికి బిగింపు రాదు, మీకు పేర్పు రాదు. రెండూ ఉంటేనే కదండీ కుట్టు నిలిచేది. ఆ చెయ్యి ఆడదా మగదా అని మిషన్ అడుగుతుందా?"

ఆమె విగ్గు వైపు చూసింది. "నాకు ఇది నేర్పుతారా?"

"ముందు మీరు చేతులు కడుక్కోవాలి."

ఆపుకుందామన్నా నవ్వు ఆగలేదు. "మీ అమ్మగారిని తీసుకురండి," అంది. "మిషన్ మాత్రం తేకండి."

ఆయన విగ్గు అందుకుని కూర్చునేసరికి చినుకులు మొదలయ్యాయి. ఒక దర్జీ ఆవిడ కొంగు కప్పిన మిషన్‌తో మెట్లెక్కి గుమ్మంలో నిలబడింది.

"మెకానిక్కుగారూ, ఇది ఇప్పటికిప్పుడు కావాలండీ. మీరే చూడాలి."

నాన్న కూతురి వైపు చూశాడు. ఒళ్లో విగ్గు పెట్టుకుని కూర్చున్న మీసాలాయన వైపు చూశాడు. కుర్చీలోంచి లేచి, దాన్ని కూతురి వైపు జరిపాడు. చెప్పుల్లో కాళ్లు దూర్చి, ఆవిడ పక్కనుంచి గడప దాటి, వానలోకి వెళ్లిపోయాడు.