బొమ్మల బండి పన్నెండో సంచిక

"ఒకటి తిరిగిచ్చినంకనే ఇంకోటి. గదే రూల్" అన్నాడు జ్ఞానేశ్వర్, ట్రంకు పెట్టె మూత మీద చెయ్యేసి.

"పదకొండు సంచికలకు పదకొండు సార్లు మొయినాబాద్ నుంచి చేవెళ్ల రావాల్నా? ఫోన్ల ఫొటోలు తీస్కొని పోత, అయిపాయె!"

"ఫొటోలు నడవయ్. మా బాపు పెట్టిన రూల్."

అమ్మాయి పేరు ప్రగతి. దొంతన్‌పల్లి యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తోంది. వెనకటి రోజుల్లో కామిక్స్ పిచ్చోళ్లు సొంతంగా వేసుకున్న అభిమానుల పత్రికలే ఆమె టాపిక్. చేవెళ్లలో అలాంటిదొకటి ఉండేదని ఎవరో చెబితే వానలో తడుస్తూ వచ్చింది. వస్తే ఈ తిక్కమనిషి తగిలాడు.

రూల్ మాత్రం నిజంగానే బాపుది. బాపు అంటే అతని తండ్రి బాల్‌రాజ్. ఇప్పుడు మాజీ సర్పంచ్, టమాటా రైతు. కాలేజీ రోజుల్లో 'బొమ్మల బండి'కి ఎడిటర్. దోస్తులంతా కూర్చుని రాసేవాళ్లు, గీసేవాళ్లు, పట్నం పోయి జిరాక్స్ తీయించేవాళ్లు. రంగుల అచ్చుకు స్తోమత ఎక్కడిది? అట్ట మీద కామిక్ వీరుడికి స్కెచ్ పెన్నులతో వాళ్లే రంగులేసేవాళ్లు. దాంతో ఒక కాపీలో అంగీ ఎరుపు, ఇంకో కాపీలో ఆకుపచ్చ. అసలు అంగీ రంగేమిటని పాఠకులు ఉత్తరాల్లో కొట్టుకు చచ్చేవాళ్లు. కాపీలు తక్కువ, ఎగబడేవాళ్లు ఎక్కువ. అందుకే చదివింది తెచ్చిస్తేనే ఇంకోటి ఇచ్చేవాళ్లు. ఏం రోజులో, ఏం పిచ్చో!

ఆ పిచ్చి కొడుక్కీ అంటుకుంది. చందనవెల్లి డేటా సెంటర్‌లో ఉద్యోగం చేసుకునే పిల్లగాడు, సెలవొస్తే ట్రంకు పెట్టె ముందు కూర్చునేవాడు.

ప్రగతి సణుక్కుంటూనే ఆదివారం ఆదివారం వచ్చింది. మూడో సంచికకల్లా సణుగుడు తగ్గింది. నాలుగో సంచికకు బాపే కుర్చీ లాక్కుని పక్కన చేరాడు.

"గీ ఉత్తరం చూడు బిడ్డా. మీ మొయినాబాద్ పోరడే. 'ఎడిటరూ, నీకు బొమ్మలు రావు, బర్రెలు కాసుకో' అని రాసిండు. ఉన్నదున్నట్టు అచ్చేసిన."

"తిట్టింది కూడ అచ్చేసిండ్రా అంకుల్?"

"ఏయకపోతే ఎట్ల? తిట్టినోడే అందరికంటె ముందుగాల వచ్చి కొంటుండె!"

ప్రగతి పగలబడి నవ్వింది. ఆమె తల ఎత్తినప్పుడల్లా జ్ఞానేశ్వర్ గోడ మీది క్యాలెండర్ చూసేవాడు. నిజానికి ఆ క్యాలెండర్ పోయినేడాదిది.

చూస్తుండగానే పదకొండో సంచిక వచ్చేసింది. దాని చివరి పేజీలో బాపు వీరుడు పరుగెత్తే బస్సు టాపు పట్టుకుని వేలాడుతున్నాడు. కింద 'సశేషం'.

"తర్వాతేమైంది అంకుల్?"

"ఏమైతది? ఒకనికి నౌకరి దొరికె, ఒకనికి పెండ్లాయె. నాకు పొలం పని మీదవడె. బండి ఆగిపాయె" అన్నాడు బాపు. సంచిక మూసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆ వారమంతా జ్ఞానేశ్వర్‌కు అన్నం సహించలేదు. పదకొండోది తిరిగిచ్చేసిందంటే ఇక ఆమెకు ఈ ఇంట్లో పనేముంది? చేవెళ్ల ఎందుకొస్తుంది? రావద్దన్నది తానే అయితే ఆ మాట వెనక్కి తీసుకోవచ్చు. ఇక్కడ సంచికలే అయిపోయాయి.

చివరికి ఆ తిక్కమనిషి ఏం చేశాడంటే, కూర్చుని పన్నెండో సంచిక తనే వేసేశాడు! వీరుణ్ని బస్సు మీంచి దింపాడు. కాగితాలకు చాయ్ నీళ్లు పులిమి ఎండబెట్టాడు. ఆదివారం ప్రగతి పదకొండోది తేగానే, "అటక మీద ఇంకోటి దొరికింది" అని చేతిలో పెట్టాడు. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయింది.

మళ్లీ ఆదివారం జోరువాన. ప్రగతి వస్తూనే దాన్ని మంచం మీద పడేసింది.

"పిన్ను చూడు."

"పిన్నా?"

"పదకొండింటికి పిన్నులు తుప్పువట్టి కాయితం ఎర్రగయింది. ఇది చూడు, కొత్త గిన్నె తీరు మెరుస్తున్నది! రేపు నా థీసిస్‌ల వెట్టినంక దొంగ సంచిక అని తేలితే నా గతేంది? జరంతన్న ఆలోచన చేసినవా?"

జ్ఞానేశ్వర్ మొహం మాడిపోయింది. పక్కనే కూర్చున్న బాపు ఆ సంచిక తీసుకుని లోపలి గదిలోకి పోయాడు.

"మీ గైడ్ సార్ దగ్గరికి నేనే వస్త. నేనే వేసిన అని చెప్త."

"ఎందుకేసినవ్ అంటడు."

"సంచికలు అయిపోయినయ్, ఇగ నువ్వు రావని వేసిన అంట."

"సార్‌తోని అంటవా?"

"అంట."

"సార్‌తోని అననీకి ధైర్యమున్నది, నాతోని అననీకి లేదా?"

వాన రేకుల మీద దడదడలాడుతోంది. జ్ఞానేశ్వర్ ఈసారి క్యాలెండర్ చూడలేదు.

"నువ్వంటే నాకిష్టం ప్రగతీ. నువ్వు రాని ఆదివారం ఎట్లుంటదో తల్చుకుంటెనే భయమైతున్నది. తప్పు చేసిన. తిట్టు, కొట్టు. గని రాకుండ ఉండకు."

ప్రగతి తడిసిన చున్నీ అంచు పిండుకుంది.

"సార్‌కు నేనింక చూపెట్టనే లేదు. పిన్ను పోయిన ఆదివారమే చూసిన, నువ్వు చేతిల వెట్టినప్పుడే."

"మరి అప్పుడే అడగకపోతివి?"

"అడిగితే ఇయ్యాల ఏం పేరు చెప్పుకొని రావాలె?"

లోపలి నుంచి బాపు గొంతు వచ్చింది.

"బిడ్డా, మొయినాబాద్‌ల మీ ఇల్లు ఏడ? మీ నాయినతోని జర మాట్లాడేదున్నది."

ప్రగతి సిగ్గుతో తల దించేసుకుంది. "బస్టాండ్ ఎనుక అంకుల్, నీలం గేటు" అని అడ్రస్ మాత్రం టక్కున చెప్పింది.