పెద్ద హోటల్లో మళ్ళీ పొయ్యి వెలిగించిన సాయంత్రం

సముద్రపు ఒడ్డు రోడ్డు పొడవునా ఒకప్పుడు హోటళ్ళే హోటళ్ళు. సెలవుల్లో గది దొరకాలంటే ఎవరిదో ఒకరిది సిఫార్సు ఉండాల్సిందే. తర్వాత ఇటువైపు ఇసుకంతా కోసుకుపోయింది. ఊరికి అవతల కొత్త బీచ్ తయారైంది. జనం అటు మళ్ళారు. ఇక్కడి హోటళ్ళు ఒక్కొక్కటే కళ తప్పాయి. ఒకటి ఆడపిల్లల హాస్టలయింది. ఇంకోదాన్ని పళ్ళ డాక్టరూ, కళ్ళజోళ్ళ కొట్టూ, సిమెంటు గోదామూ పంచుకున్నాయి. మరోదాని బాల్కనీల్లో పిచ్చిమొక్కలు ఏపుగా పెరిగి, వచ్చేపోయేవాళ్ళని తొంగిచూస్తున్నాయి. అన్నిటికన్నా ముందు కట్టిందీ, అన్నిటికన్నా ముందు మూతపడిందీ పెద్ద హోటల్. చుట్టూ దానికన్నా ఎత్తైనవి ఎన్ని లేచినా ఆ పేరు మాత్రం దానిదే.

ఇన్నేళ్ళకి దాన్ని ఎవరో ఒకావిడ కొని, రంగులు వేయించి మళ్ళీ తెరుస్తోందని తెలియగానే వంటమాస్టారికి ఇంట్లో కాలు నిలవలేదు. ఆ హోటల్ నడిచినన్నాళ్ళూ అక్కడి వంటగది ఆయనదే. తర్వాత ఏ క్యాంటీన్లోనూ కుదురుకోలేకపోయాడు. ఇంట్లో కూర్చుని, భార్య తరిగిన ఉల్లిపాయలకి వంకలు పెడుతూ పొద్దుపుచ్చుతున్నాడు.

"మళ్ళీ ఆ గడప తొక్కుతారా?" అని అడిగిందావిడ.

"వంట చెయ్యడానికేగా."

"మా సన్నోడు కూడా టీ ఇవ్వడానికేగా పడవెక్కింది."

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి నడిచాడు.

సన్నోడంటే ఆవిడ తమ్ముడు. పెద్ద హోటల్లోనే సర్వర్‌గా చేసేవాడు. ఇంట్లో మాస్టార్ని బావా అని పిలిచినా, హోటల్లో మాత్రం ఏనాడూ ఆ పిలుపు నోట రానివ్వలేదు. ఒక మధ్యాహ్నం అతిథులు హోటల్ వాళ్ళ పడవలో షికారుకి బయల్దేరుతూ, తిరిగొచ్చాక ఎవరికేం కావాలో ముందే చెప్పి వెళ్ళారు. వాళ్ళకి టీ అందించడానికి సన్నోణ్ణీ ఎక్కించారు. మాస్టారు అన్నీ వండి, వేడి చల్లారకుండా మూతలు పెట్టి కూర్చున్నాడు. పడవ రాలేదు. నాలుగు చెక్కలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి గానీ మనుషులు రాలేదు. ఆ తర్వాత అక్కడ దిగడానికి ఎవరికీ మనసొప్పలేదు. హోటల్ మూతపడింది.

తెరవడం రేపనగా, పొయ్యిలు సరిచూసుకుందామని సాయంత్రం వెళ్ళాడు మాస్టారు. యజమానురాలు బల్లల మీదికి గుడ్డలు తేవడానికి బజారుకెళ్ళింది. కొత్తగా చేరిన సర్వరమ్మాయి ఇంటికి వెళ్ళిపోయింది. ఆయన లోపలికి అడుగుపెట్టాడో లేదో వాన మొదలైంది. కాసేపటికి కరెంటు పోయింది.

కొవ్వొత్తి వెలిగించి, పొయ్యి అంటించాడు. వంటగదంతా కొత్త రంగు వాసన. దాని అడుగున ఇంకేదో వాసన కూడా ఉంది... తడి తాడుది, నాచుది. కిటికీ మూసినా అది పోలేదు. ఆయనకి చేతులు ఊరుకోలేదు. ఉన్న కత్తులన్నీ తుడిచాడు. తుడిచినవే మళ్ళీ తుడిచాడు.

వంటగదికీ భోజనాల హాలుకీ మధ్య గోడలో చిన్న కిటికీ, దానికో రేకు తలుపు ఉన్నాయి. సర్వర్లు అవతలి నుంచి ఆర్డరు చెప్తే, ప్లేట్లు అందులోంచి అందించాలి.

ఆ రేకు మీద వేలితో తట్టిన చప్పుడయింది.

"మాస్టారూ... రెండు సూపు, ఒక చేప వేపుడు."

ఆయన బుర్ర ఇంకా ఆలోచనలో పడకముందే చేతులు పని మొదలెట్టేశాయి. ఏళ్ళ తరబడి ఆ గొంతుకి అలవాటుపడ్డ చేతులవి. మూకుడులో నూనె కాగి చిటపటలాడేదాకా, తను ఎవరి మాట విని వండుతున్నాడో ఆయనకి తెలియలేదు. తెలిశాక కూడా గరిటె ఆగలేదు. ఆగితే ఏమవుతుందో అన్న భయం, ఆ గొంతు భయాన్ని మించిపోయింది.

ప్లేట్లు కిటికీలో పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి అక్కడ లేవు.

"ఒక ఆమ్లెట్టు. రెండు అన్నం, చేపల పులుసు..."

అవతల కుర్చీలు జరిగిన చప్పుడు. చెంచాలు తగిలిన చప్పుడు. మాటలు మాత్రం లేవు. అంతమంది తింటూ ఒక్కరూ మాట్లాడకపోవడం... అది ఆయనకి అన్నిటికన్నా దారుణంగా అనిపించింది.

పెరటి తలుపు తోసుకుని ఎవరో లోపలికొచ్చారు. మాస్టారు గరిటె జారవిడిచాడు. వచ్చింది భార్య. చేతిలో రెండో గొడుగుంది.

"చీకటి పడుతున్నా రాలేదేంటని..." అంటూ ఆగిపోయింది. పొయ్యి మీద పొంగుతున్న పులుసు చూసింది. "ఎవరికండీ ఇదంతా?"

ఆయన నోటి మీద వేలుంచుకున్నాడు.

"మాస్టారూ, ఇంకో మూడు సూపు."

ఆవిడ చేతిలో గొడుగు కింద పడింది. ఏడవలేదు, కేక పెట్టలేదు. మెల్లిగా వెళ్ళి రేకు తలుపుకి చెవి ఆనించింది.

"ఒరేయ్ సన్నోడా," అంది గుసగుసగా. "తిన్నావురా?"



"అందరూ తిన్నాక తింటానక్కా."

ఆవిడ భర్త వైపు తిరిగింది. "వండండి. మీరు ఆపకండి. నేను ఉల్లిపాయలు తరుగుతాను," అంటూ కత్తిపీట ముందేసుకుంది. ఇద్దరూ కొవ్వొత్తి వెలుగులో వండారు. ఆర్డరు మీద ఆర్డరు వస్తూనే ఉంది. రేపటికని తెప్పించిన చేపలన్నీ అయిపోవచ్చాయి. గుడ్లు అయిపోయాయి. నాచు వాసన పోపు వాసనని కూడా మింగేస్తోంది.

ఉన్నట్టుండి ఆవిడ తరగడం ఆపింది.

"ఏమండీ... ఇంతమంది లేరు."

"ఏంటి?"

"పడవలో ఇంతమంది లేరు. వాళ్ళకోసం వచ్చిన ప్రతి ఇంటివాళ్ళతోనూ కలిసి ఏడ్చాను నేను. నాకు తెలియదా?"

 ఆవిడ కిటికీ దగ్గరికెళ్ళింది.

"ఎవర్రా వీళ్ళంతా?"

"కొత్తవాళ్ళక్కా." సన్నోడి గొంతు అలిసిపోయినట్టుంది. "ఇంకా వస్తున్నారు."

"నువ్వు ఇటొచ్చెయ్యరా. ఇంటికెళ్దాం."

ఆవిడ హాలు తలుపు వైపు నడిచింది. మాస్టారు ఒక్క అంగలో వెళ్ళి మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు."

"ఒక్కసారి మొహం చూసి వచ్చేస్తాను. వదలండి."

"వాడొక్కడే లేడక్కడ."

"ఉంటే ఉండనివ్వండి. నా తమ్ముడికి కూర్చోడానికి కూడా తీరిక లేదు. వినబడట్లేదా మీకు?" విడిపించుకుని గడియ మీద చెయ్యి వేసింది.

తలుపు అవతల, సరిగ్గా ఆవిడ మొహం ఎదురుగా, చాలా నెమ్మదిగా వినిపించింది.

"తియ్యకక్కా... తీస్తే నీకూ కుర్చీ వేస్తారు."

చెంచాల చప్పుడు ఆగిపోయింది. అన్నీ ఒక్కసారే. తర్వాత కుర్చీలు వెనక్కి జరిగాయి. అవీ ఒక్కసారే. లోపల ఉన్నవాళ్ళంతా లేచి నిలబడి ఇటే చూస్తున్నట్టు... ఆవిడ చెయ్యి గడియ మీద అలాగే బిగుసుకుపోయింది. మాస్టారు ఆ వేళ్ళని ఒక్కొక్కటే ఊడదీశాడు.

"బావా, అక్కని తీసుకెళ్ళు."

ఆ గోడల మధ్య సన్నోడు ఆయన్ని బావా అనడం అదే మొదలు.

కరెంటు వచ్చింది. వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. రేకు తలుపు సందులోంచి చూస్తే హాలు ఖాళీగా ఉంది. బల్లల దగ్గర కుర్చీలన్నీ వెనక్కి జరిపి ఉన్నాయి. కిటికీలో ప్లేట్లు దొంతరగా పేర్చి ఉన్నాయి. ఒక్క మెతుకు లేదు.

ఆ రాత్రి ఇద్దరికీ కంటిమీద కునుకు లేదు. తెల్లారాక మాస్టారు చొక్కా వేసుకుంటుంటే ఆవిడ అడ్డు చెప్పలేదు. "నేనూ వస్తాను," అంది. "వాడి గొంతు మళ్ళీ వినబడితే, నేనుండాలి."

హోటల్లో యజమానురాలి మొహం వెలిగిపోతోంది. మాస్టారు గొంతు సవరించుకుని, "మేడమ్, ఇంకో వారం ఆగి తెరిస్తే..." అన్నాడు.

"భలేవారే మాస్టారూ. పొద్దున రైలు దిగిన వాళ్ళు అదుగో, సామాన్లతో వచ్చేశారు. తొలి బోణీ. కాస్త రుచిగా పెట్టి పంపండి."

గాజు తలుపులోంచి చూశాడాయన. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక ముసలావిడ. అంతా ఆటో దిగి, పెట్టెలు లెక్కచూసుకుంటూ, పిల్లల్ని కసురుకుంటూ... అచ్చం మామూలు మనుషులు. మాస్టారికి పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. వంటగదిలోకి వెళ్ళి పొయ్యి అంటించాడు. ఆవిడ పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

సర్వరమ్మాయి వాళ్ళని హాల్లో కూర్చోబెట్టి, ఆర్డరు తీసుకోవడానికి వెళ్ళింది. చాలాసేపటికి తిరిగొచ్చింది, ఉత్త చేతులు నలుపుకుంటూ.

"ఏమంటున్నారమ్మా?"

"ఏమీ వద్దంటున్నారు మాస్టారూ. రాత్రి ఇక్కడ తిన్నదే ఇంకా అరగలేదట."