తాడుకి జవాబు

ఒకసారి పిలిస్తే పలికే మనిషిని నేను. రెండోసారి పిలిపించుకోవడం నా ఒంట్లో లేదు. పక్కింటి తలుపు తట్టినా, దారిన పోయేవాళ్ళు ఇంకెవరినో కేకేసినా, ముందు నేనే "ఆఁ" అంటాను. దీన్ని మర్యాద అంటారని ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాను. మా వదిన మాత్రం నోటిదూల అంటుంది. ఆవిడ చదువుకోలేదు గనక పట్టించుకోను. నేనూ చదువుకోలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ సాయంత్రం వదినా నేనూ పడవలో అఖాతం మధ్యకి వెళ్ళాం. మా అఖాతం చిన్నది. అడుగున గడ్డి ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టేది ఆ గడ్డిలోనే, మేం బతికేది ఆ చేపల మీదే. రిసార్టు వాళ్ళు షికారు పడవలు ఆగడానికి అక్కడ జెట్టీ కడతారట. అడుగున ఉత్త ఇసకే ఉందని సర్కారుకి రాసిచ్చి, పరీక్షకని ఇనుప గొట్టాలు కూడా దింపారు. తనిఖీకి వచ్చినాయన మంచివాడే. "ఆ గొట్టాల దగ్గర బతికున్న గడ్డిని రేపు పొద్దునకల్లా వేళ్ళతో సహా చూపించండి, పని ఆపిస్తాను," అన్నాడు. చూపించలేకపోతే అఖాతం వాళ్ళది.

మునిగి తేవడం చిటికెలో పని. కానీ కిందటి వానల్లో మా అన్న ఆ గొట్టాల దగ్గరే మునిగి, పైకి రాలేదు. తాడొక్కటే వచ్చింది.

"నువ్వు దిగితే నీ వెనకే దూకుతాను," అంది వదిన. ఆవిడకి ఈత రాదు. అందుకని కొక్కేనికి తాడు కట్టి అడుగున ఈడుస్తున్నాం.

పొగమంచు దిగింది. ముందు ఒడ్డు మాయమైంది, తర్వాత పడవ ముక్కు. నీళ్ళలోంచి కుళ్ళిన గుడ్ల వాసన. గొట్టాల నోళ్ళలోకి గాలి దూరి, ఎవరో ఖాళీ సీసాలోకి ఊదుతున్నట్టు సన్నటి మోత. కొక్కెం వేస్తే నల్లటి బురద వచ్చింది. మళ్ళీ వేస్తే మళ్ళీ బురదే.

"తనిఖీ ఆయనకి బురద నచ్చుతుందేమో వదినా," అన్నాను.

"నీ మొహంలాగే ఉంది. లాగు."

అప్పుడు తాడు కదిలింది.

రెండు గుంజులు. కాస్త ఆగి, ఇంకొకటి.

మునిగేవాళ్ళ భాష అది. 'ఉన్నావా?' అని కిందున్నవాడు అడగడం. పైనున్నవాడు కూడా అలాగే గుంజి 'ఉన్నాను' అనాలి. అన్నాక, కిందవాడు పైకొచ్చేదాకా తాడు వదలకూడదు. వదిలినవాడి పడవ ఇంకెవరూ ఎక్కరు. కింద ఎవరూ లేరు కదా అని నా బుర్ర ఆలోచించేలోగా, నా చెయ్యి రెండుసార్లు గుంజి, కాస్త ఆగి, ఇంకోసారి గుంజేసింది.

వదిన చూసింది. గొంతు తగ్గించింది.

"ఏం చేశావు?"

"జవాబిచ్చాను."

"ఎవరికి?"

గొట్టాల మోత ఆగిపోయింది. గాలి ఆగలేదు... మోత ఒక్కటే ఆగింది.

పొడుగ్గా ఒక గుంజు. అంటే 'లాగు'. లాగాను. బరువే లేదు. కొక్కేనికి పచ్చటి గడ్డి కట్ట వేలాడుతోంది. వేళ్ళతో సహా. నల్లదారంతో చుట్లు తిప్పి, ముడి వేసి ఉంది.

వదిన దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. ఏడవలేదు. "ఆయనే," అంది. నీళ్ళ మీదకి వంగి, సంతలో కొసరు అడిగినట్టు, "ఇంకాస్త ఇవ్వండి," అని గొణిగింది.

నాకు నవ్వొచ్చింది. సగంలోనే ఆగింది.

కొక్కెం పడవలోనే ఉంది. తాడూ పడవలోనే ఉంది. మా కాళ్ళ కింద, పడవ చెక్కని ఏదో తట్టింది.

రెండు... ఆగి... ఒకటి.

వదిన వేలు మడిచి చెక్క మీద తట్టబోయింది. మణికట్టు పట్టుకున్నాను. "వద్దు," అన్నాను. పలకడం మానుకున్నది పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. కింద మళ్ళీ తట్టింది. ఈసారి నెమ్మదిగా... బతిమాలుతున్నట్టు. ఒడ్డు తగిలేదాకా నేను తెడ్డు ఆపలేదు.

పొద్దున తనిఖీ ఆయన వచ్చి గడ్డి చూసి ముచ్చట పడ్డాడు. వేళ్ళు చూడాలని కట్ట విప్పబోయి ఆగాడు.

"ఇదేంటమ్మా, మీ జుట్టుతో కట్టారా?"

వెలుతురులో అప్పుడు చూశాం. దారం కాదు. మూరెడు పొడుగున నల్లటి వెంట్రుకలు, ఇంకా తడిగా. వదినది తెల్లబడి, భుజాలు కూడా దాటని జుట్టు. నాది జానెడు కూడా లేదు. ఆవిడ నా చెవి దగ్గరికి వంగింది.

"మీ అన్నకి బట్టతల కదా..."

పని ఆగింది. ప్రస్తుతానికి. వచ్చే వానలయ్యాక అదే చోటునుంచి మళ్ళీ గడ్డి చూపిస్తే, జెట్టీ మాట శాశ్వతంగా కొట్టేస్తానన్నాడు ఆయన. వదిన కొక్కేనికి నూనె రాసి పెట్టింది. నన్నే వెయ్యమంటుంది, వేస్తాను. ఇంకో దారి లేదు.

కిందున్నది ఎవరో, మాకు గడ్డి ఎందుకిచ్చారో నాకింకా తెలియదు.