సింథసైజర్ మీద తెల్లపిల్లి

తలుపు తీసేసరికి ఎదురుగా ఒక అమ్మాయి. ఆమె చేతిలో ఫోను, ఫోనులో పిల్లి.

"ఇది మా దూది," అంది. "మీ పియానో మీద ఏం చేస్తోంది?"

"పియానో కాదండీ, సింథసైజర్."

"ఏదైతేనేం. రోజూ సాయంత్రం పిల్లి కనపడట్లేదని మా అమ్మ బెంగపెట్టుకుంటే, ఇది ఇక్కడ ఫోజులిస్తోందన్నమాట."

అతను కంపెనీలకు ట్యూన్లు కడతాడు. ఫోన్ చేసినవాళ్లను కాసేపు ఆగమన్నప్పుడు మోగుతుందే, ఆ సంగీతం. ఇష్టంగా చేసుకున్న పాటలు నెట్‌లో పెడితే మాత్రం పలకరించిన పాపాన పోలేదెవరూ. అలాంటిది, ఒకనాడు పక్క ఫ్లాట్ సన్‌షేడ్ మీంచి ఓ తెల్లపిల్లి కిటికీలోకి దిగి, రంగురంగుల వైర్లను ఒరుసుకుంటూ సింథసైజర్ ఎక్కి, కాళ్లు ముడుచుకుని కళ్లు మూసుకుంది. ఆ ఫొటో పెట్టగానే జనం ఎగబడ్డారు. అప్పట్నుంచి పిల్లి రావడం, అతను వాయించడం, ఫొటో తీయడం.

"అడక్కుండా పెట్టడం తప్పేనండీ," అన్నాడు. "కానీ దానికి నా పాటంటే ప్రాణం. మెల్లగా వాయిస్తే చాలు, ఎలా లీనమైపోతుందో."

ఆమె పెదవి కొరుక్కుంది. అయినా నవ్వు ఆగలేదు.

"దానికి పుట్టుచెవుడు."

అతను తల అడ్డంగా ఊపాడు.

"నేను చెవుల ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తాను, నమ్మొచ్చు. మీ మిషన్ వెచ్చగా ఉంటుంది కదా, అందుకొస్తోంది."

చెవిటివాడి ముందు శంఖమూదడం అంటే ఏమిటో అతనికి ఆ రోజు తెలిసొచ్చింది. ఉన్న ఒక్క శ్రోతా పోయింది. సింథసైజర్ మీద దుప్పటి కప్పి, కిటికీ మూసేశాడు. కంపెనీ ట్యూన్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కంప్యూటర్లోనే కానిచ్చేస్తున్నాడు. పిల్లి వచ్చి అద్దం గీకేది. అతను తల తిప్పేసుకునేవాడు.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. వీధిదీపాలు నీళ్లలో కరిగి రోడ్డంతా పసుపుగా పారుతున్నాయి. బెల్ మోగింది. తువ్వాల్లో చుట్టిన పిల్లితో ఆమె.

"కిటికీ ఎందుకు మూసేశారు? తడిసి ముద్దయింది పాపం."

"మీ పిల్లి మీ ఇంట్లోనే ఉంటుందని."

"మరి పాటలెందుకు ఆపేశారు?"

"వినేవాళ్లెవరున్నారండీ?"

"పిల్లికి చెవుడు. నాకు కాదు కదా."

అతను అర్థంకానట్టు చూశాడు. ఆమె పిల్లి తల తుడుస్తూ, దానికే చెప్తున్నట్టు చెప్పింది.

"పగలంతా మూసిన గదిలో కూర్చుని జనాలకి బీప్ బీప్ వినిపిస్తుంటాను. ఇంటికొచ్చాక ఎవరు మాట్లాడినా చిరాకు. లైటు వెయ్యకుండా కిటికీ దగ్గర కూర్చుంటే, గోడవతల్నుంచి మీ పాట వచ్చేది, మెత్తగా. ఆ రోజు దెబ్బలాటకి రాలేదు. వాయించేది ఎవరో చూద్దామని వచ్చాను. పిల్లి వంక దొరికింది."

"మరి పాట బాగుందని ఒక్క ముక్క అనలేదే?"

"మీరు అననిస్తేగా. పిల్లి భక్తి గురించే చెప్పుకొచ్చారు. నవ్వేశాను. తర్వాత మీ మొహమే గుర్తొచ్చి నిద్రపట్టలేదు."

అతను దుప్పటి తీశాడు. స్విచ్ వెయ్యగానే చిన్న చిన్న దీపాలు వెలిగాయి. ఇంకా వేడెక్కనైనా లేదు, పిల్లి తువ్వాల్లోంచి జారి పైకి గెంతింది. అతను అట్టడుగు స్వరం ఒకటి నొక్కాడు. పిల్లి పొట్ట ఆనించి, కళ్లు మూసుకుంది.

ఆమె దాని పక్కన అరచెయ్యి ఆనించి చూసింది.

"అయ్యో, వేడి కోసం కాదు. చేతిలోకి వస్తోంది పాట. దీనికి వినపడుతోందండీ, పొట్టతో."

వాన, ఆ ఒక్క స్వరం కలిసిపోయి గది ఎక్కడో తేలుతున్నట్టుంది. అతను వేలు తీయలేదు.

"ఇంకో స్వరం లేదా మీ దగ్గర?" అందామె నెమ్మదిగా.

"ఉంది. వేలు తీస్తే మీరు చెయ్యి తీసేస్తారేమోనని."

ఆమె చెయ్యి మెల్లగా జరిగి అతని చేతి మీదికి వచ్చింది.

"తీయనులే," అంది.

పక్క ఫ్లాట్ గుమ్మంలోంచి వాళ్లమ్మ గొంతు వినపడింది. "పిల్లిని దింపి రావడానికి ఇంతసేపా?"

"వస్తున్నానమ్మా, దూది దిగట్లేదు."

"దాన్ని వదిలెయ్, దారి దానికి తెలుసు. ఆ అబ్బాయికి తెలీదు కదా, భోజనానికి నువ్వే వెంటబెట్టుకు రా."