కుడిచెంప పుట్టుమచ్చ

"పుట్టుమచ్చ ఎడమచెంపకు ఎందుకొచ్చింది సంపత్?"

వందన గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ. సంపత్ బొమ్మవైపు చూశాడు.

అది వందన తల్లి కిష్టవ్వ బొమ్మ. కరీంనగర్ బస్టాండు ముందు మక్కకంకులు కాల్చి అమ్ముతుంది. మైనం పూసిన జింకు రేకు మీద సంపత్ సూదితో గీసి, యాసిడ్‌లో ముంచి, సిరా పూసి కాగితం మీద అచ్చు తీశాడు. తడి ఇంకా ఆరలేదు.

"రేకు మీద గీసింది కాగితం మీద ఉల్టా వస్తది. తిప్పి గీయాలె. మర్చిపోయిన."

"గంత పెద్ద ముచ్చట ఎట్ల మర్చిపోతవ్?"

"గీసేటప్పుడు నువ్వు పక్కన కూసున్నవ్ గదా!"

వందనకు నవ్వొచ్చింది కానీ నవ్వే టైమ్ కాదు. కిష్టవ్వ షరతు అట్లాంటిది. "బొమ్మలేసేటోడు మనిషిని సక్కగ చూస్తడో లేదో, నా బొమ్మ చూసి చెప్త. పిల్లనిచ్చుడు సంగతి గప్పుడే" అంది. ఒకసారి కాదందంటే ఇక అంతే.

కింద ఆటో ఆగిన చప్పుడు. బొమ్మ చూడటానికి కిష్టవ్వ వచ్చేసింది.

"జల్దీ ఇంకోటి తీయరాదు?"

"కొత్త రేకు గీయాలె. వారం పడ్తది."

వందన బొమ్మ దగ్గరికి జరిగింది. పొగకు చిట్లించిన కంటి మూల గీతలు వెంట్రుకలంత సన్నగా ఉన్నాయి. విసనకర్ర పట్టిన చేతి మీద మాత్రం గీతలు అడ్డంగా, నిలువుగా ఒరుసుకుని నల్లబడ్డాయి. ముట్టుకుంటే అవ్వ వేళ్ల గరుకు తగిలేట్టుంది. చిన్నప్పుడు జడలేసిన వేళ్లు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంత మంచిగ గీసి గిట్ల చేస్తివేంది!"

కిష్టవ్వ వానకు తడిసిన కొంగు పిండుకుంటూ మెట్లెక్కి వచ్చింది. బొమ్మ ముందు నిలబడింది. పైనుంచి కిందిదాకా చూడసాగింది. సంపత్ చేతిలో సిరా గుడ్డ నలిగిపోతోంది.

వందన ఆగలేకపోయింది. "అవ్వా, మచ్చ తప్పు దిక్కు పడ్డది. నేను పక్కన కూసుండి..."

"తప్పేంది?" కిష్టవ్వ చెంప తడుముకుంది. "ఫొటోల చూసుకుంటే ఎవలో పరాయి మనిషి లెక్క ఉంట. రోజూ బొట్టు పెట్టుకునేటప్పుడు అద్దంల నా మచ్చ గీ బొమ్మల ఉన్న దిక్కే కనవడ్తది. గిదే నా మొఖం."

కిష్టవ్వ సంపత్ వైపు తిరిగింది.

"బిడ్డా, నా పిల్లను గూడ గింత సక్కగ చూస్తవా?"

"చూసుడు ఎక్కువైతేనే గదా అత్తమ్మా, మచ్చ దిక్కు మారింది!"

"అప్పుడే అత్తమ్మనా?" కిష్టవ్వ కసిరింది. కసురుతూనే వందన భుజం పట్టి అతని పక్కకు నెట్టింది.