మోగని అలారం

గోపాలపట్నం సందులో, మేడ మీద రెండు గదుల యూనిట్ అది. కొత్త పరికరాలకి మొదటి విడత సర్క్యూట్ బోర్డులు అక్కడ చేత్తో అతికి ఇస్తారు. ఈసారి చేసినవి జేబుకి తగిలించుకునే గ్యాస్ అలారాలు. కుళ్ళిన గుడ్ల వాసనేసే విషవాయువు సోకితే కూతపెడతాయి. చివరి పరీక్ష సూర్యకళ చెయ్యాలి.

ఒక బోర్డు ఒకసారి మోగింది, ఇంకోసారి మోగలేదు. ఎక్కడో అతుకు సరిగ్గా పట్టలేదని ఆమెకి తెలుసు. కింద సరుకు తీసుకెళ్ళే ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. పాస్ స్టిక్కర్ అంటించేసింది.

మల్కాపురంలో టాంకులు కడిగే జగ్గయ్య ఆ అలారం జేబుకి పెట్టుకుని టాంకులోకి దిగాడు. ప్రాణంతో పైకి రాలేదు.

అలారం తిరిగి యూనిట్‌కి వచ్చింది. దాని వెనకే అతని భార్య కాశమ్మ వచ్చింది.

"నిజం సెప్పమ్మా. అదెందుకు మోగనేదు?"

సూర్యకళ తలెత్తలేదు. "కింద పడేసుంటారు పిన్నీ. దెబ్బ తగిల్తే పనిచెయ్యవు."

"ఆయన దాన్ని పసిపిల్లలా సూసుకునీవోరు..." కాశమ్మ మెల్లగా మెట్లు దిగింది. అంతలో వాన పట్టడంతో కింద చూరు దగ్గరే ఆగిపోయింది.

మిగతావాళ్ళు భోజనాలకి వెళ్ళారు. గదిలో అతుకులు వేసే సోల్డర్ పొగ వాసన. కాసేపటికి దాన్ని మింగేస్తూ మరొకటి... కుళ్ళిన గుడ్ల వాసన.

తలుపు పక్కన, గోడకున్న అర చివర కొత్త అలారం మోగింది. ఆగింది. దాని పక్కది మోగింది. ఆగింది. ఆ పక్కది... ఎవరో అర వెంబడి నడిచి వస్తున్నట్టు.

అడుగుల చప్పుడు లేదు. మోత మాత్రం దగ్గరవుతోంది.

ఇక మిగిలింది ఆమె ముందు బల్ల మీదున్న జగ్గయ్య అలారం.

అది మోగలేదు.

ఆమె చెవి పక్కనే... అందని ఊపిరిని ఎవరో లాగుతున్నారు. లాగుతున్నారు... అందడం లేదు.

"నానే..." సూర్యకళ గొణిగింది. "తెలిసే వదిలేశాను బాబాయ్. పిన్నికి సెప్పేస్తాను. ఇప్పుడే."

లాగడం ఆగింది. వాసన పోయింది.

ఆమె మెట్లు దిగి పరుగెత్తింది. చూరు కింద కాశమ్మ చేతులు రెండూ పట్టుకుంది.

"ఏటమ్మా?"

సూర్యకళ నోరు తెరిచింది. పెదాలు కదిలాయి. గొంతు నరాలు పొంగాయి. మాట రాలేదు... మళ్ళీ ప్రయత్నించింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

కాశమ్మ ఆమెనే చూస్తూ ఒక అడుగు వెనక్కి వేసింది. కొంగు తీసి, ముక్కుకి గట్టిగా అడ్డం పెట్టుకుంది.